ఉప్పూ ఇసుకా, ఒక అయస్కాంతం

పిల్లలూ,

పాడైన ఇయర్‌ఫోన్ విప్పితే గింజంత అయస్కాంతం దొరికిందని రాశారు. దాన్ని కరిగిస్తే లోపలి లోహాలు దేనికది విడిపోతాయా అని మీ ప్రశ్న. ఊరికే కరిగిస్తే విడిపోవు, అన్నీ కలిసి ఒకే ముద్దవుతాయి.

ఆ గింజలో ఎక్కువ భాగం ఇనుమే. మూడో వంతుకు కాస్త తక్కువగా నియోడిమియం అనే లోహం, పిసరంత బోరాన్ అనే మూలకం. మనకు కావలసింది నియోడిమియం.

ఇసుకలో ఉప్పు ఒలికిందనుకోండి. ఒక్కో పలుకూ ఏరుతూ కూర్చుంటామా? నీళ్ళు పోస్తాం. ఉప్పు నీళ్ళలోకి వచ్చేస్తుంది, ఇసుక అడుగున ఉండిపోతుంది. ఇక్కడ ఆ నీళ్ళ పని చేసేది మెగ్నీషియం. 650 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది కరుగుతుంది. ఇంకాస్త వేడి చేసి అయస్కాంతం ముక్కలు వేస్తే, నియోడిమియం మెల్లగా అందులోకి దిగిపోతుంది. ఇనుము 1538 డిగ్రీల దాకా కరగదు, పైగా దానికి మెగ్నీషియంతో అసలు పొసగదు. కాబట్టి కదలకుండా ఉండిపోతుంది. ఆ ద్రవాన్ని వంపి, గాలి తీసేసిన పాత్రలో కాస్తే మెగ్నీషియం ఆవిరైపోయి నియోడిమియం మిగులుతుంది. ఆవిరిని కూడా వదలరు, చల్లార్చి మళ్ళీ వాడతారు.

నిజానికి ఉప్పు ఇసుకలో ఊరికే పక్కన పడి ఉంటుంది. అయస్కాంతంలో అలా కాదు, 2 నియోడిమియం పరమాణువులకు 14 ఇనుము, 1 బోరాన్ చొప్పున అల్లుకుని ఉంటాయి. అయినా ఈ పోలిక నాకు ముద్దు.

నా చిన్నప్పుడు పాత రేడియో స్పీకర్లోంచి అరచేయంత నల్లటి అయస్కాంతం ఊడదీసి, దారం కట్టి మట్టిలో ఈడ్చుకుంటూ తిరిగేవాళ్ళం. ఇనుప రజను నిక్కబొడుచుకుని అంటుకునేది. నియోడిమియం అయస్కాంతాలు 1980లలో గానీ రాలేదు. ఇప్పుడు గింజంత ముక్కలోనే అంత బలం! దాన్ని చెత్తబుట్టలో పారేయడం తప్పు కదూ? ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకివ్వండి.

ఇలాంటి ఉపాయం పాతదే. 1850లో అలెగ్జాండర్ పార్క్స్ అనే ఆంగ్లేయుడు కరిగిన సీసంలో జింకు కలిపి, అందులోని వెండిని బయటికి లాగాడు. సీసానికీ జింకుకీ పడదు. జింకు పైకి తేలుతూ వెండిని వెంటబెట్టుకొస్తుంది. వెండికి సీసం కన్నా జింకే ఎందుకు ఇష్టం? ఎలక్ట్రాన్ల లెక్కలు పెద్దయ్యాక చదువుకుంటారు. చదివాక కూడా నాకైతే ఆశ్చర్యం పోలేదు.

కరిగిన లోహాల జోలికి మాత్రం వెళ్ళకండి. వేడి మెగ్నీషియం గాలి తగిలితే భగ్గున అంటుకుంటుంది, అందుకే ఆ పనంతా ఆర్గాన్ వాయువులో చేస్తారు. మీరు ఉప్పూ ఇసుకతో చేయండి. తేరిన ఉప్పునీళ్ళను వెడల్పాటి పళ్ళెంలో పోసి, కదపకుండా ఎండలో పెట్టండి. ఇగిరిపోయాక భూతద్దంతో చూసి, పలుకుల మూలలు ఎలా ఉన్నాయో నాకు రాయండి.

మీ తాతయ్య