రెగ్యులేటర్‌కి కనిపించే వోల్టేజీ ఎక్కడిది?

పాత కారులో డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టారు (రెండూ ఇంజిన్ తిప్పితే కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేవే), చార్జింగ్ వార్నింగ్ లైటు ఆరుతోంది, అయినా బ్యాటరీ నిండటం లేదు. ఎందుకని ఒక పాఠకుడి ప్రశ్న. ముందు తీగల్ని అనుమానించండి.

మూడు ఫేజులు, ఆరు డయోడ్ల సంగతి ఏ పుస్తకంలోనైనా ఉంటుంది, వదిలేద్దాం. అసలు తమాషా వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌ది. రోటర్ (లోపల తిరిగే విద్యుదయస్కాంతం) చుట్టకిచ్చే మూడు నాలుగు ఆంపియర్లను పెంచుతూ తగ్గిస్తూ, బయటికొచ్చే 40 ఆంపియర్లను అదుపు చేస్తుంది. దానికి తెలిసింది సెన్స్ తీగ, అంటే వోల్టేజీని చూసి చెప్పే తీగ, చివర ఉన్న వోల్టేజీ ఒక్కటే. ట్యాంకులో ఉండాల్సిన తేలే బంతిని పంపు పక్కన బకెట్లో పెడితే, బకెట్ నిండగానే నీళ్లు ఆగిపోతాయి. ట్యాంకు సంగతి బంతికేం తెలుసు?

ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీ దాకా తీగ, జాయింట్లు, తుప్పు అన్నీ కలిపి 0.01 ఓమ్ అనుకోండి. లైట్లన్నీ వేసి 40 ఆంపియర్లు పారిస్తే దారిలోనే 0.4 వోల్టులు పోతాయి. సెన్స్ తీగ ఆల్టర్నేటర్ వెనకే ఉంటే రెగ్యులేటర్ అక్కడ 14.2 వోల్టులు నిలిపి ఊరుకుంటుంది, బ్యాటరీ దగ్గర 13.8. బడిలో తీగ రెసిస్టెన్స్ సున్నా అనుకోమని నేర్పుతారు కాబట్టి ఇది చాలామందికి తట్టదు.

దీనికి తిరగబడ్డ రోగమూ ఉంది. సెన్స్ తీగని ఫ్యూజు బాక్సు అవతల హెడ్‌లైట్ల లైన్లో కలిపితే, అక్కడ 0.8 వోల్టులు పడిపోయిన మేరకు బ్యాటరీ మీదికి 15 వోల్టులు వస్తాయి. 14.4 దాటాక యాసిడ్‌లో బుడగలు జోరందుకుంటాయి, నీళ్లు తగ్గిపోతాయి. ఆల్టర్నేటర్‌కి విడిగా బిగించిన రెగ్యులేటర్ బాడీకి ఎర్త్ (కారు బాడీ గుండా బ్యాటరీకి తిరుగుదారి) సరిగ్గా తగలకపోయినా ఇదే వరస.

మందు: బి-ప్లస్ (ఆల్టర్నేటర్ నుంచి కరెంటు బయటికొచ్చే టెర్మినల్) నుంచి బ్యాటరీకి నేరుగా 10 చదరపు మిల్లీమీటర్ల తీగ, బ్యాటరీ దగ్గర ఫ్యూజు. డాష్‌బోర్డులోని 30 ఆంపియర్ల అమ్మీటర్ (కరెంటు చూపే మీటర్) 40కి చాలదు, దాన్ని దాటవేసి వోల్ట్‌మీటర్ పెట్టండి. సెన్స్ తీగ విడిగా బ్యాటరీ ప్లస్‌కే వెళ్లాలి. అయితే కొన్ని రెగ్యులేటర్లు రోటర్ కరెంటు కూడా ఆ తీగలోంచే తీసుకుంటాయి. వాటికి ఇగ్నిషన్‌తో పనిచేసే రిలే (తాళం తిప్పితేనే కలిసే స్విచ్) తప్పనిసరి, లేకపోతే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. చివరిగా ఇంజిన్ 2000 ఆర్‌పీఎం దగ్గర, హెడ్‌లైట్లు వేసి, మీటర్ ఒక కొస బి-ప్లస్ మీద, రెండోది బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి: 0.2 వోల్టు మించకూడదు. ఆల్టర్నేటర్ బాడీకీ, బ్యాటరీ మైనస్‌కీ మధ్య కూడా అంతే.

వార్నింగ్ బల్బు స్థానంలో ఎల్ఈడీ పెట్టొద్దు. 2.2 వాట్ల బల్బులోంచి పారే 0.18 ఆంపియరే రోటర్‌కి తొలి అయస్కాంతాన్ని ఇస్తుంది.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూస్తే చార్జింగ్ తెలుస్తుందన్నది డైనమో కాలం నాటి మూఢనమ్మకం. రోటర్ అయస్కాంతం వెంటనే పోదు. ఆ క్షణంలో వోల్టేజీ ఎన్నో పదుల వోల్టులకు ఎగసి డయోడ్లనూ, రెగ్యులేటర్‌నూ తినేస్తుంది. ఇంకో జాగ్రత్త: 1960ల వరకు చాలా బ్రిటిష్ కార్లలో బ్యాటరీ ప్లస్సే ఎర్త్. వాటిని మైనస్ ఎర్త్‌కి మార్చి, ఇగ్నిషన్ కాయిల్ తీగలు రెండూ తారుమారు చేశాకే ఆల్టర్నేటర్ కలపాలి.