వేషాలు దొరక్క కలం పట్టిన మీరా స్యాల్

సినిమావాళ్ళో టీవీవాళ్ళో నవల రాశారంటే పేరుంది కదా, పబ్లిషర్ అడిగుంటాడు, రాసేసుంటారు అనుకుంటాం. బ్రిటన్ నటి, రచయిత్రి మీరా స్యాల్ విషయంలో అది పూర్తిగా తిరగబడుతుంది, ఆవిడ రాసింది కాబట్టే ఆవిడకి మంచి వేషాలు దొరికాయి. ఎనభైల్లో ఇంగ్లండ్‌లో మనలాంటి రంగున్న అమ్మాయి యాక్టింగ్ చేస్తానంటే ఇచ్చే పాత్రలు ఏముండేవి, వీధి చివర కొట్లో గల్లాపెట్టె దగ్గర ఆవిడ, ఇష్టంలేని పెళ్ళి తప్పించుకుని పారిపోయే పిల్ల, ఇంగ్లీషు రాక బిక్కమొహం వేసుకుని నిలబడే కోడలు, ఇంచుమించు అంతే.

ఇదంతా అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఈవిడ 1961లో వుల్వర్‌హాంప్టన్‌లో పుట్టింది, పంజాబీ కుటుంబం, పెరిగింది పక్కనే ఉన్న ఎసింగ్టన్ అనే బొగ్గుగనుల ఊళ్ళో, అక్కడ ఇండియన్ కుటుంబం వీళ్ళదొక్కటే. ఈ పిల్లకి ఇంకా ఏడో ఏడు నిండకముందే, 1968 ఏప్రిల్‌లో, వుల్వర్‌హాంప్టన్ ఎంపీ ఈనాక్ పావెల్ బర్మింగ్‌హామ్‌లో ఒక స్పీచ్ ఇచ్చాడు, వలస వచ్చేవాళ్ళని ఇలాగే రానిస్తే రక్తం పారుతుందన్న అర్థంలో. పార్టీ ఆయన్ని పెద్ద పదవి నుంచి తీసేసింది కానీ లండన్ రేవు కూలీలు ఆయనకి సపోర్టుగా వీధుల్లోకి వచ్చారు. అంటే బయట ఆ గోల, ఇంట్లో పంజాబీ పాటలు, వీటి మధ్య పెరిగిందన్నమాట.

మాంచెస్టర్ యూనివర్సిటీలో ఇంగ్లీషూ డ్రామా చదువుతూ 'వన్ ఆఫ్ అజ్' అని ఒక నాటకం ఇంకొకరితో కలిసి రాసుకుంది, నటి అవ్వాలనుకునే ఒక ఇండియన్ పిల్ల కథ, పాత్రలన్నీ తనే వేసింది. అది ఎడిన్‌బరో ఫెస్టివల్‌కి వెళ్ళింది, అక్కణ్ణుంచి లండన్ రాయల్ కోర్ట్ థియేటర్ తలుపు తెరుచుకుంది. తర్వాత 1993లో గురీందర్ చడ్ఢా తీసిన 'భాజీ ఆన్ ది బీచ్'కి స్క్రిప్టు రాసింది, బర్మింగ్‌హామ్ నుంచి ఆడవాళ్ళంతా ఒక వ్యాన్ ఎక్కి బ్లాక్‌పూల్ సముద్రం చూడ్డానికి వెళ్తారు, అంతే కథ, కానీ ఆ వ్యాన్‌లో అత్తలున్నారు, మొగుణ్ణి వదిలేసొచ్చిన అమ్మాయి ఉంది, ఎవరికీ చెప్పుకోలేని కడుపుతో ఉన్న అమ్మాయి ఉంది. అప్పటిదాకా వీళ్ళని తెరమీద ఎవరూ ఇంత దగ్గరగా చూపించలేదు.

1996లో మొదటి నవల 'అనితా అండ్ మీ' వచ్చింది, మొదటి నవలలకిచ్చే బెట్టీ ట్రాస్క్ అవార్డు తెచ్చుకుంది. మీనా అనే తొమ్మిదేళ్ళ పిల్ల స్వీట్ల కోసం డబ్బు దొంగిలించి, కాదని అబద్ధం చెప్తుంటే నాన్న చెయ్యి పట్టుకుని కొట్టుకే తీసుకెళ్తుంటాడు, అలా మొదలవుతుంది. నాకు ఇక్కడే ఆవిడ మీద గౌరవం పెరిగింది, ఎందుకంటే మైనారిటీ పిల్ల కథ అనగానే పాపం అనిపించే బుద్ధిమంతురాల్ని పెట్టడం తేలిక, ఈవిడ మాత్రం అబద్ధాలకోరుని, ఊళ్ళో పోకిరీ తెల్లపిల్ల అనిత వెనకాల తిరిగేదాన్ని పెట్టింది. ఇండియా నుంచి అమ్మమ్మ వచ్చాకే పిల్లకి తన భాష తనకి సరిగ్గా రాదని సిగ్గేస్తుంది. అమెరికాలో పెరుగుతున్న మన తెలుగు పిల్లలున్న ఇళ్ళల్లో ఈ చాప్టర్ చదివితే ఎవరికైనా గొంతు పట్టేస్తుంది.

అదే ఏడాది మీరా, ఇంకొందరు ఇండియన్ మూలాలున్న నటులు కలిసి చేసిన కామెడీ షో 'గుడ్‌నెస్ గ్రేషస్ మీ' బీబీసీ రేడియోలో మొదలైంది, 1998లో టీవీకి వచ్చింది. ఆ పేరు 1960లో ఇంగ్లీషు కమెడియన్ పీటర్ సెల్లర్స్ ఇండియన్ యాసని వెక్కిరిస్తూ పాడిన పాటది, వీళ్ళు దాన్ని లాగేసుకుని తమ పేరు చేసుకున్నారు. అందులో ఒక స్కిట్ ఉంటుంది, తాగేసి ఒక ఇండియన్ గుంపు ఇంగ్లీషు హోటల్‌కి వెళ్ళి, సర్వర్ పేరు ఖూనీ చేస్తూ, మీ దగ్గర అన్నిటికంటే చప్పగా ఉండేది ఏంటని అడుగుతారు. శుక్రవారం రాత్రి కర్రీ హౌసుల్లో, అంటే అక్కడి ఇండియన్ హోటళ్ళలో, తాగొచ్చిన తెల్లవాళ్ళతో మనవాళ్ళు ఏళ్ళ తరబడి పడ్డదంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. ఆ తర్వాత 'ది కుమార్స్ ఎట్ నంబర్ 42' అనే టీవీ కామెడీలో నలభై ఏళ్ళ వయసులో ముసలి బామ్మ వేషం, పక్కన మనవడిగా సంజీవ్ భాస్కర్, వాళ్ళిద్దరూ 2005లో పెళ్ళి కూడా చేసుకున్నారు.

రెండో నవల 1999లో, ముగ్గురు స్నేహితురాళ్ళ కథ, బీబీసీ సీరియల్‌గా తీస్తే అందులో తనే నటించింది. మూడోదానికి 2015 దాకా టైం పట్టింది. 'ది హౌస్ ఆఫ్ హిడెన్ మదర్స్', లండన్‌లో ఉండే శ్యామ పిల్లల కోసం ఢిల్లీ వచ్చి మాల అనే పేద పల్లెటూరి అమ్మాయి గర్భాన్ని అద్దెకి తీసుకుంటుంది. అప్పటికి ఇండియాలో ఇది పెద్ద వ్యాపారం, మన హైదరాబాద్‌లో కూడా సెంటర్లు నడిచాయి. నవల వచ్చిన కొన్ని నెలలకే విదేశీయులకి సరోగసీ ఆపేశారు, 2021లో చట్టం చేసి డబ్బుకి చేసేదాన్ని పూర్తిగా నిషేధించారు. పేపర్లలో ఈ చర్చంతా పిల్లలు కావాల్సినవాళ్ళ వైపు నుంచో డాక్టర్ల వైపు నుంచో నడిచింది, ఈవిడ పుస్తకంలో మాలకి కూడా చోటిచ్చింది, ఆ పిల్ల ఏం లెక్కలేసుకుంటుందో, ఎంత తెలివిగా బేరమాడుతుందో మొత్తం చూపించింది.

2023లో బ్రిటన్ సినిమా, టీవీ అకాడమీ బాఫ్టా వాళ్ళు తమ అత్యున్నత గౌరవం ఫెలోషిప్ ఇచ్చారు. వార్తల్లో ఎక్కువగా ఆ బామ్మ ఫొటోనే వేశారు, నేనైతే మీనా గురించి, మాల గురించి కూడా నాలుగు లైన్లు రాసేవాణ్ణి.