వేరే దేశం ఖర్చుతో మన ఖర్చు పోల్చేటప్పుడు

పర్లాకిమిడి, ఒడిశా

చిరంజీవులైన మనవలకు తాతయ్య ఆశీస్సులు.

అమెరికాలో ఒక కుటుంబం ఖర్చు 77,280 డాలర్లనీ, మన దేశంలో పల్లె ఖర్చు 4,122 రూపాయలనీ చదివి, మనం ఇంత పేదవాళ్లమా అని అడిగారు. పేదరికం ఉంది, కాదనను. ఒడిశా పల్లెల్లోనైతే ఆ సగటు 3,357 రూపాయలే. కానీ వాళ్ల అంకె 2023లో ఒక కుటుంబానికి ఏడాది ఖర్చు. మనది 2023-24లో ఒక మనిషికి నెల ఖర్చు. అక్కడ ఇంటికి సగటున రెండున్నర మంది. అలా భాగిస్తే మనిషికి నెలకు దాదాపు 2,576 డాలర్లు వస్తుంది.

దాన్ని బ్యాంకు రేటుతో రూపాయల్లోకి మార్చేస్తే మళ్లీ తప్పే. 2021 ధరల్ని ప్రపంచ బ్యాంకు పోల్చి చూస్తే, అక్కడ డాలరుకు వచ్చేది ఇక్కడ సుమారు 20 రూపాయలకే వస్తుందని తేలింది. అప్పుడు బ్యాంకు రేటు 74 దగ్గర ఉంది. మన దగ్గర క్షవరానికీ, ఆటోకూ, కుట్టుకూలికీ అక్కడికంటే చాలా తక్కువ అవుతుంది కదా!

నన్నడిగితే ముందు తిండి వాటా చూడండి. 1857లో ఎర్న్‌స్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త బెల్జియం కూలీల ఇళ్ల లెక్కలు పరిశీలించి, ఆదాయం పెరిగేకొద్దీ అందులో తిండికి పోయే వాటా తగ్గుతుందని చెప్పాడు. మన పల్లెల్లో 1999-2000లో ఖర్చులో 59 శాతం తిండికే పోయేది, 2023-24లో అది 47. అమెరికాలో 13 శాతం లోపే. అసలు తేడా ఇక్కడ తెలుస్తుంది, నాకు బాధ కలిగేదీ ఇక్కడే. సగం డబ్బు తిండికే పోతే పిల్లల చదువుకు ఏం మిగులుతుంది? పైగా మన తిండి ఖర్చులో పెద్ద వాటా ఇప్పుడు టీలు, బిస్కెట్లు, ప్యాకెట్ సరుకులు, హోటల్ తిండిది. వాళ్లకు పెద్ద ఖర్చు ఇల్లు, మూడో వంతు దానికే.

జేబులోంచి పోని ఖర్చు కూడా ఉంటుంది. బ్రిటన్‌లో 1948 నుంచి ప్రభుత్వ వైద్యం ఉంది, డాక్టరు ఫీజు ఇంటి లెక్కలోకి రాదు. మనవాళ్లు వైద్యానికి విశాఖకో బరంపురానికో వెళితే ప్రయాణంతో సహా చాలావరకు సొంత డబ్బే. ఉచిత రేషన్ బియ్యంలాంటి వాటికి ధర కడితే మన 4,122 కాస్తా 4,247 అవుతుంది.

ఈ నెల మీ ఇంటి ఖర్చు రాయండి. రేషన్ బియ్యానికీ, పెరటి కూరలకూ బజారు ధర వేసి, తిండి వాటా కట్టి నాకు పంపండి.

మీ తాతయ్య