గుడిమల్లం లింగానికి ఉన్న మినహాయింపు, జాతర బూతుకు లేదు

తిరుపతి జిల్లా ఏర్పేడు మండలం గుడిమల్లంలో, పరశురామేశ్వరాలయంలోని శివలింగం దాదాపు ఐదడుగుల ఎత్తున పురుషాంగాన్ని ఏ దాపరికమూ లేకుండా చూపే ఆకృతిలో ఉంటుంది. దాని ముందువైపు యక్షుని భుజాలపై నిలిచిన శివుని కట్టుబట్ట ఎంత పలుచనిదంటే, దేహమంతా కనబడుతూనే ఉంటుంది. ఈ విగ్రహం ఫొటోను అశ్లీలమని ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఏమవుతుందన్న సందేహానికి జవాబు 1860 నాటి భారత శిక్షాస్మృతిలోనే ఉండేది; దాని స్థానంలో 2024లో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అదే జవాబు ఉంది. అశ్లీల చిత్రాలను, పుస్తకాలను నిషేధించిన శిక్షాస్మృతి 292వ సెక్షన్, ఆలయాలపైనా దేవుని రథాలపైనా చెక్కిన బొమ్మలను మొదటి నుంచీ మినహాయించింది. ప్రాచీన కట్టడాలకూ, శాస్త్ర, సాహిత్య, కళా ప్రయోజనం ఉన్న రచనలకూ ఆ రక్షణ 1969 సవరణతో వచ్చింది.

ఆ రక్షణ రాకముందు తెలుగు సాహిత్యం ఒక దెబ్బ తినే ఉంది. తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలోని కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం 'రాధికా సాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి అచ్చువేయించగా, మరుసటి ఏడే ప్రభుత్వం నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు రాష్ట్ర ప్రధానిగా (నేటి లెక్కలో ముఖ్యమంత్రిగా) ఉన్నప్పుడు గాని నిషేధం తొలగలేదు. 

అశ్లీలమంటే ఏమిటో చట్టం మొదట్లో చెప్పలేదు గనుక కోర్టులు 1868 నాటి ఇంగ్లండు హిక్లిన్ తీర్పును పట్టుకున్నాయి: చెడు ప్రభావానికి లోనయ్యే మనసులను పాడుచేసేదేదైనా అశ్లీలమే. 1964లో రంజిత్ ఉదేశీ కేసులో సుప్రీంకోర్టు దాన్నే కొంత సడలించి నిలిపింది. 2014లో అవీక్ సర్కార్ కేసులో, టెన్నిస్ ఆటగాడు బోరిస్ బెకర్ నగ్నచిత్రంపై నడిచిన వ్యాజ్యంలో, దాన్ని వదిలి సమకాలీన సమాజపు ప్రమాణాన్ని చేపట్టింది. నగ్నతా, అశ్లీలతా ఒకటి కావని 2023లో కేరళ హైకోర్టు మరింత సూటిగా చెప్పింది.

ఇవన్నీ బొమ్మలకూ రచనలకూ సంబంధించినవి. మనిషి దేహానికీ నోటిమాటకూ వర్తించేది మునుపు శిక్షాస్మృతి 294వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్: బహిరంగ స్థలంలో ఇతరులకు ఇబ్బంది కలిగేలా అశ్లీల చేష్ట చేసినా, మాట పలికినా మూడు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇందులో గుడికి గాని, పండుగకు గాని మినహాయింపు లేదు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషాలు వేసుకున్న భక్తులు వీధుల్లో బూతులు తిట్టడం మొక్కుబడి; అది నేరం కాకపోవడానికి సెక్షన్‌లో దొరికే ఆధారం 'ఇబ్బంది' అన్న ఒక్క మాటే, ఎందుకంటే ఆ వారం ఊళ్లో ఆ తిట్లకు నొచ్చుకునేవారు అరుదు.