ఎండోస్కోపీకి తిరుపతి దాకా ఎందుకు?

చిత్తూరు జిల్లాలో ఎండోస్కోపీ (నోటి గుండా కెమెరా గొట్టం పంపి కడుపు లోపల చూసే పరీక్ష) గొడవ మళ్లీ రేగింది. ‘తిరుపతికి తీసుకెళ్లండి’ అని చీటీ రాసి పంపేస్తే ఎలా అన్నది రోగుల బంధువుల ప్రశ్న. తిరుపతిలో స్విమ్స్, రుయా పెద్దాసుపత్రులు ఉండగా ప్రతిచోటా యంత్రం పెట్టలేమన్నది అధికారుల జవాబు.

ఆ రెండు ఆసుపత్రుల చరిత్ర జిల్లావాసులకు కొత్త కాదు. ఇవాళ్టి చిక్కు ముడిపడింది మాత్రం 2007లో. ఆ ఏడాది వచ్చిన ఆరోగ్యశ్రీ పేదలకు పెద్ద ఆపరేషన్లు అందించింది, కాదనలేం. కానీ ఆ డబ్బు జాబితాలోని చికిత్సలకు ప్యాకేజీలుగా వస్తుంది. నెలల తరబడి కడుపు మంటకు గ్యాస్ మాత్రలు మింగే మనిషికి ఉన్నది పుండో, క్యాన్సరో తేల్చాల్సింది ఎండోస్కోపీయే. జబ్బు పేరే తేలనివాడు ఏ ప్యాకేజీ కిందికి వస్తాడు? పెద్దాసుపత్రుల్లో చికిత్సలు పెరిగాయి. పరీక్ష కింది ఆసుపత్రుల దాకా దిగలేదు.

యంత్రం ధర గురించే చర్చంతా. ఆ గదిలో పనిచేసేవాళ్ల బాధ వేరు. ఒకరికి వాడిన స్కోప్‌కు, అంటే ఆ కెమెరా గొట్టానికి, ఎక్కడా చిల్లు పడలేదని లీక్ టెస్ట్ చేసి, లోపలి సన్నటి గొట్టాలను బ్రష్‌తో తోమి, మందు ద్రావణంలో నానబెట్టి, కడిగి ఆరబెట్టాకే ఇంకొకరికి వాడాలి. అరగంట ఇట్టే పోతుంది. ఒక్కటే స్కోప్ ఉంటే ఓపీ ముగిసేలోగా అయ్యేది కొందరికే. పళ్ల మధ్య పెట్టే మౌత్‌గార్డ్ జారి రోగి గొట్టాన్ని కొరికితే పైరబ్బరు చిరిగి లోపలికి నీళ్లు దిగుతాయి. ఇక అది రిపేరుకు పోవాల్సిందే. రెండో స్కోప్, టెక్నీషియన్, ఏఎంసీ (ఏటా మరమ్మతులు చూసుకునే ఒప్పందం) లేకుండా యంత్రం కొన్నా మూలన పడుతుంది.

డీఎం గ్యాస్ట్రో (జీర్ణకోశ వ్యాధుల స్పెషలిస్టు కోర్సు) చదివినవాళ్లు జిల్లా ఆసుపత్రులకు రారన్నది నిజమే. అయితే కడుపు వరకు చూసే పరీక్షకు శిక్షణ ఇస్తే జనరల్ సర్జన్ చాలు. కొన్ని దేశాల్లో వాళ్లూ చేస్తున్నారు.

2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోయాక స్విమ్స్, రుయా తిరుపతి జిల్లాకు పోయాయి. చిత్తూరు నుంచి తిరుపతి సుమారు 70 కిలోమీటర్లు. వెల్లూరు అంతకన్నా దగ్గరే గానీ, అది తమిళనాడు. జిల్లా చివరనున్న కుప్పం వాళ్ల అవస్థ చెప్పక్కర్లేదు. రక్తపు వాంతులైతే 24 గంటల్లో, కాలేయం చెడి అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు పగిలితే 12 గంటల్లో ఎండోస్కోపీ జరగాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంబులెన్స్ దొరికి, తిరుపతి చేరి, క్యాజువాలిటీ దాటి, డ్యూటీ డాక్టర్ కేసు చూసేదాకా పట్టే సమయం కూడా ఆ గంటల్లోదే. ‘తిరుపతి ఉందిగా’ అనే జవాబులో ఈ లెక్క లేదు.