ఆయిల్ ఫిల్టర్: మా షెడ్డులో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో మా షెడ్డుకు వచ్చేవాటిలో ఎక్కువ తిరుమల ఘాట్ ఎక్కే టాక్సీలే. చిన్న గేర్లలో, నిండా జనంతో ఎక్కే బండికి ఆయిలే ప్రాణం. ఫిల్టర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామంది ఆ మాటా ఈ మాటా నమ్మేస్తున్నారు.

అపోహ: "థ్రెడ్ (మర) పట్టింది కదన్నా, ఏ ఫిల్టరైతే ఏముంది?"

వాస్తవం: థ్రెడ్ పడితే చాలదు. ఇంజనుకు మరతో బిగించే డబ్బా ఫిల్టర్లలో వడకట్టే కాగితంతో పాటు సాధారణంగా బైపాస్ వాల్వు ఉంటుంది. కాగితం మూసుకుపోయినా, చలికి ఆయిల్ చిక్కబడినా అది తెరుచుకుని వడకట్టని ఆయిల్‌నైనా ఇంజనుకు అందిస్తుంది. ఎంత ప్రెషర్‌కు తెరుచుకోవాలన్నది ఇంజనును బట్టి మారుతుంది. చాలావాటిలో ఒక రబ్బరు పొర కూడా ఉంటుంది. బండి ఆపాక ఫిల్టర్‌లోని ఆయిల్ వెనక్కి కారిపోకుండా ఆపేది అదే. పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు టకటకమని మోగి ఆగిపోతుంటే నేను ముందు చూసేది ఈ ఫిల్టర్‌నే. పార్ట్ నంబరు చూసి కొనండి. వేరే కంపెనీదైనా ఫర్వాలేదు, మీ మోడల్‌కు సరిపోతుందని వాళ్ల పట్టికలో ఉండాలి.

అపోహ: కాగితం ఫిల్టర్‌ను పెట్రోలుతో కడిగి మళ్లీ వాడొచ్చు.

వాస్తవం: వాడకూడదు. కొన్ని బైకుల్లో ఉండే ఇనుప జాలీ మాత్రం కడిగి వాడుకునేదే.

అపోహ: హౌసింగ్‌ను (కొన్ని ఇంజన్లలో విడి కాగితం ఫిల్టర్ కూర్చునే, మూత ఉన్న గిన్నెను) పెట్రోలు పోసి, బరబరా గీకి, గాలి కొడితేనే శుభ్రం.

వాస్తవం: నాకు ఎక్కువ భయం దీంతోనే. వేడి ఇంజను మీద పెట్రోలు ఆవిరి అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. ఎయిర్ గన్ పెడితే అడుగున ఉన్న మడ్డి ఆయిల్ దారుల్లోకి పోతుంది. కాటన్ వేస్ట్ పోగులు వదులుతుంది. ఎమరీ పేపరు గీతలు పెడితే అక్కడి నుంచే లీకు.

ఇంజను చల్లారాక ఆయిల్ దించి, హౌసింగ్ మూత మెల్లగా తిప్పండి. పోగులు రాలని గుడ్డతో లోపల అడుగు నుంచి పైకి తుడవండి. తర్వాత లీకు ఆపే రబ్బరు రింగు కూర్చునే గాడిలో వేలు తిప్పి చూడండి. పాత రబ్బరు నల్లగా అతుక్కుని లోహంలో కలిసిపోయినట్టే ఉంటుంది, కంటికి దొరకదు. దాని మీదే కొత్తది బిగిస్తే ప్రెషర్‌కు రింగు తన్నుకొచ్చి ఆయిలంతా రోడ్డు పాలవుతుంది. ఘాట్‌లో ఆయిల్ లైటు వెలిగితే మాత్రం పైదాకా పోదాంలే అనుకోవద్దు, పక్కకు తీసి వెంటనే ఇంజను ఆపేయండి.

అపోహ: ఎంత బిగిస్తే అంత మంచిది.

వాస్తవం: కొత్త రింగుకు కొత్త ఆయిల్ రాయండి. డబ్బా ఫిల్టర్‌ను చేత్తోనే బిగించాలి. రబ్బరు తగిలాక చాలావాటికి ముప్పావు చుట్టు సరిపోతుంది, డబ్బా మీద రాసే ఉంటుంది. ప్లాస్టిక్ మూతల మీద 25 న్యూటన్ మీటర్లు అని గానీ మరో అంకె గానీ ఉంటే టార్క్ రెంచ్‌తో (బిగింపు కొలిచే పానాతో) అంతే బిగించండి. మించితే మూత పగులుతుంది.

ఇంజను స్టార్ట్ చేసి, లైటు ఆరిపోయాక చుట్టూ తడి ఉందేమో చూడండి. ఆపి, కొన్ని నిమిషాలాగి డిప్‌స్టిక్‌తో (ఆయిల్ మట్టం కొలిచే పుల్లతో) ఆయిల్ ఎంతుందో చూడండి. పాత ఆయిల్ చర్మానికి చేటు, మా కుర్రాళ్లకు గ్లౌజులు లేకుండా ముట్టుకోనివ్వను. దాన్ని కాలువలో పోయకండి, డబ్బాలో పట్టి అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే ఇవ్వండి.