మైదాకు తప్పు, పుస్తకం తప్పు

మొన్న ఆషాఢంలో ఓ సాయంత్రం మా పక్క ఫ్లాట్‌లో కూర్చున్నాను. ఐదేళ్ల బాబు సోఫా దిగబోయి అక్క నోట్‌బుక్ మీద కాలేశాడు. ‘తప్పు, కండ్లు పోతయ్’ అంది నాయనమ్మ. వాడు పుస్తకం తీసి కళ్లకద్దుకున్నాడు. కాసేపటికి అక్క చేతికి మైదాకు పెడుతుంటే వాడూ చెయ్యి చాపాడు. ‘తప్పు బిడ్డా, మొగపిలగానివి, నీకెందుకు?’ మళ్లీ అదే గొంతు, అదే మాట. వాడు ఓ క్షణం ఆగి, చాపిన చేతినే కళ్లకద్దుకున్నాడు. అందరం పడీ పడీ నవ్వాం.

పుస్తకం తొక్కడం, మగపిల్లాడు మైదాకు పెట్టుకోవడం, రెండూ ఒకే రకం తప్పులా? వాడికి మనం ఒకే మాటతో నేర్పాం కాబట్టి వాడు అలాగే అనుకున్నాడు. పిల్లల మనసులో తప్పొప్పులు ఎలా నాటుకుంటాయన్న వాదన మొదలై దాదాపు వందేళ్లయింది. అందులోనూ ఈ చిక్కుముడి మొదటి నుంచీ ఉంది.

స్విట్జర్లాండ్‌లో మనస్తత్వవేత్త జాన్ పియాజే పిల్లలతో గోటీలాడుతూ, ఆట రూల్స్ ఎవరు పెట్టారని అడిగేవాడు. ఒక కథ కూడా చెప్పేవాడు. ఆపిల్ పళ్లు దొంగిలించిన పిల్లాడు పారిపోతుంటే పాత వంతెన విరిగి నీళ్లలో పడ్డాడు. దొంగతనం చేయకపోతే పడేవాడా? పడేవాడు కాదని చిన్నపిల్లల్లో ఎక్కువమంది చెప్పారు. అంటే తప్పు చేస్తే వంతెనే శిక్షిస్తుంది. మన ‘కండ్లు పోతయ్’ అచ్చం ఇదే. పెద్దయ్యేకొద్దీ, తోటివాళ్లతో ఆడి, పోట్లాడి, రాజీపడితే ఈ నమ్మకం సడలుతుందని 1932లో అచ్చయిన పుస్తకంలో ఆయన రాశాడు. అదే పుస్తకంలో, ఆడపిల్లలకు నియమాల పట్టింపు మగపిల్లలకన్నా చాలా తక్కువనీ తేల్చేశాడు. వాళ్ల ఆటలను పెద్దగా పట్టించుకోకుండానే.

తర్వాత వచ్చిన అమెరికన్ మనస్తత్వవేత్త లారెన్స్ కోల్‌బర్గ్ 1958లో నైతికతకు మెట్లు కట్టాడు. అందుకు షికాగోలో మాట్లాడించిన 72 మందీ మగపిల్లలే. కొలబద్దే మగపిల్లలది అయినప్పుడు ఆడపిల్లలు కింది మెట్టు మీద కనిపించడంలో వింతేముందని ఆయనతో కలిసి పనిచేసిన కేరల్ గిలిగన్ 1982లో నిలదీసింది. అయితే కోల్‌బర్గ్ ఇంకో మంచి సంగతి కూడా చెప్పాడు. మూడేళ్లకే పిల్లలు తాము ఆడో మగో చెప్పేస్తారు. కానీ గౌను తొడిగినంత మాత్రాన మగపిల్లాడు ఆడపిల్ల అయిపోడని స్థిరంగా తెలిసేది ఆరేడేళ్లకు. మరి మా పక్కింటి ఐదేళ్లవాడికి మైదాకు అంటే నిజంగానే భయం వేసి ఉండొచ్చు.

నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించేది భువనేశ్వర్ కథ. ఒకరిని కొట్టడం వేరు, క్లాసులో యూనిఫామ్ వేసుకోకపోవడం వేరు అని మూడు నాలుగేళ్ల పిల్లలకే తెలుసని మనస్తత్వవేత్త ఇలియట్ ట్యూరియల్ వాదించాడు. అమెరికాలో అది సరిపోయింది. మానవశాస్త్రవేత్త రిచర్డ్ ష్వేడర్ బృందం భువనేశ్వర్‌లో బ్రాహ్మణ కుటుంబాల పిల్లలనూ పెద్దలనూ 39 రకాల పనుల గురించి అడిగి, ఆ ఫలితాలు 1987లో ప్రచురించింది. అక్కడి పిల్లల లెక్కలో అన్నిటికన్నా ఘోరం ఏమిటో తెలుసా? తండ్రి పోయిన మర్నాడే పెద్దకొడుకు క్షవరం చేయించుకుని కోడికూర తినడం. పెద్దకొడుకు ఎలా ఉండాలన్నది వాళ్లకు ఆచారం కాదు, ధర్మం. మా నాయనమ్మలు అక్కడా ఉన్నారన్నమాట.

ఈ పని నాయనమ్మలే చేశారా అంటే, ప్రభుత్వమూ చేసింది. హైదరాబాద్‌లో నిజాం కాలంలో, 1919లో, హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. వాళ్లు పేరు నమోదు చేయించుకోవాలి. వీధిలో ఆడబట్టల్లోనో నగలతోనో కనిపిస్తే వారెంట్ లేకుండా పట్టుకోవచ్చు. ఇంట్లో పదహారేళ్లలోపు మగపిల్లాడుంటే రెండేళ్ల వరకూ జైలు. మగపుట్టుక పుట్టి గాజులు వేసుకోవడాన్ని రాజ్యం కూడా ‘తప్పు’ అంది. 2014లో సుప్రీంకోర్టు థర్డ్ జెండర్‌ను గుర్తించినా ఈ చట్టం కాగితం మీద అలాగే ఉండిపోయింది. చివరికి 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది.

అదీ ఆషాఢం రోజులే, బోనాల సీజన్. బోనమెత్తుకుని వచ్చేవాళ్లలో ట్రాన్స్ మహిళలూ ఉంటారు. పిల్లల్ని ఎత్తుకుని వెళ్లి మరీ వాళ్ల కాళ్లకు నీళ్లు పోసి మొక్కుతారు. అదే కుటుంబం మర్నాడు సిగ్నల్ దగ్గర వాళ్లు కనబడగానే కారు అద్దం పైకెత్తుతుంది. వెనక సీట్లో పిల్లలు రెండూ చూస్తారు.

బడిలో ఈ సంగతులు మాట్లాడేది తక్కువే. 2015లో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ విద్యార్థులకు జెండర్ పాఠం పెట్టింది. మన హైదరాబాద్‌లోని స్త్రీల అధ్యయన సంస్థ అన్వేషి వాళ్లు పూనుకుని తయారుచేసిన పుస్తకం, ఇంటిచాకిరీ మీద కూడా ఒక పాఠం ఉంది. మంచి పనే, కానీ అప్పటికి వాళ్లకు పద్దెనిమిదేళ్లు నిండుతాయి.

ఆ రాత్రి నాయనమ్మ పడుకున్నాక, అక్క వాడి ఎడమ అరచేతిలో చుక్కంత మైదాకు పెట్టిందట. పొద్దున స్కూల్ వ్యాన్ ఎక్కేటప్పుడు చూశాను. ఎడమ చెయ్యి నిక్కరు జేబులోంచి తీయకుండా, కుడిచేత్తోనే కమ్మీ పట్టుకుని ఎక్కాడు.